ఊరు–వాడ, 17వ భాగం: వెనక సందు, థీసిస్ షీటు

ఈ భాగం ఆర్కిటెక్చర్ చదివే మన పిల్లల కోసం రాస్తున్నా. మిగతావాళ్ళూ చదవండి. రేపు మనం ఏ తలుపులోంచి లోపలికి పోవాలో గీసేది వాళ్ళే.

తెలియనివాళ్ళకి ముందు ఒక మాట. బీఆర్క్ అయిదేళ్ళ చదువు. చాలా కాలేజీల్లో చివరి సెమిస్టర్ అంతా డిజైన్ థీసిస్. స్థలం విద్యార్థే వెతుక్కోవాలి. ఏం కట్టాలో తనే తేల్చుకోవాలి. అలాంటి కట్టడాలు రెండు మూడు చూసొచ్చి, ఏ గదికి ఎన్ని చదరపు మీటర్లో లెక్క రాయాలి. దాన్ని ఏరియా స్టేట్‌మెంట్ అంటారు. చివర్లో షీట్లు గోడకంటించి, మోడల్ పెట్టుకుని జ్యూరీ ముందు నిలబడాలి. ప్రింట్లకీ మోడల్‌కీ అయ్యే ఖర్చుకి కూలి చేసుకునే ఇంట్లో అమ్మ పుస్తెలు తాకట్టుకి పోతాయి, అది వేరే కథ. చదువైపోయి ఆఫీసులో చేరాక డబ్బున్నోడు చెప్పిందే గీయాలి. ఎవరి కోసం కట్టాలో తనే నిర్ణయించుకునే అవకాశం చాలామందికి ఈ ఒక్కసారే.

అందుకే అడుగుతున్నా. ఆ ఏరియా స్టేట్‌మెంట్‌లో మనం ఎక్కడున్నాం?

ఈ దేశంలో ఎవరికెంత చోటో రాసే అలవాటు కొత్తది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణం తీయండి. కోటలో బ్రాహ్మలకి ఉత్తరం, క్షత్రియులకి తూర్పు, వైశ్యులకి దక్షిణం, శూద్రులకి పడమర. చండాలురికి? శ్మశానం అంచున. మీ చరిత్ర క్లాసులో మానసారం చెప్పిన ఊరి ప్లాన్లు గీయిస్తారు కదా, దండకం, నంద్యావర్తం, పద్మకం అని. ఎంత అందమైన పేర్లు! ఆ బొమ్మలు గీసేటప్పుడు ఊరికి బయట ఎవరున్నారని అడిగి చూడండి. షీటు అంచు దగ్గరే బొమ్మ ఆగిపోతుంది. వాడ షీటు మీదకే రాదు.

తెల్లోళ్ళు వచ్చాక మనల్ని ప్లాన్‌లోకి తెచ్చారు. ఎలా తెచ్చారో చూడండి. బంగళాలో స్నానాల గదికి బయటి వైపు ఇంకో తలుపు పెట్టారు. దొర వాడిన పాత్ర ఎత్తుకుపోయే మనిషి హాల్లోంచి నడవకూడదు కాబట్టి ఆ తలుపు. బొంబాయి, కలకత్తా లాంటి చోట్ల మేడలకి వెనక ఇనుప మెలిక మెట్లు కనిపిస్తాయి. ఇప్పుడు వాటిని హెరిటేజ్ అని ఫొటోలు తీస్తున్నారు. ఆ మెట్లెక్కి పాయిఖానా దాకా పోయింది మనోళ్ళే. మన పట్టణాల్లో ఇంత హంగు లేదు. పెరటి గోడకి పాకీ దొడ్డి, దాని వెనక కింద ఒక కంత, కంత ముందు ఒక సందు. ముందు వీధికి పేరుంటుంది, ఆ సందుకి ఉండదు. తలుపు, మెట్లు, కంత, సందు, ఇవన్నీ ఎవరో కూర్చుని కొలిచి గీసినవే. ఈ కులం గీతలు స్కేలు పెట్టి గీసినవి.

ఈ విషయం మొదట పట్టుకున్నది ఆర్కిటెక్టులు కాదు, పారిశుధ్య కార్మికుల పిల్లలే. బెజవాడ విల్సన్ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టాడు. అక్కడ ఆ కుటుంబం చేసిన పని పాకీ పనే. ఆయనా ఆయన తోటివాళ్ళూ నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ దరఖాస్తులతో ఆగలేదు, గడ్డపారలు పట్టుకుని ఆ దొడ్లు కూల్చింది. గోడ ఉన్నంతకాలం పని ఉంటుందని వాళ్ళకి తెలుసు.

ఇక థీసిస్‌కి వద్దాం. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్‌లో చదివిన అరుంధతీ రాయ్ డిజైన్ ఇవ్వకుండా, స్వాతంత్ర్యం తర్వాత ఢిల్లీ ఎలా పెరిగిందో వ్యాసం రాసి థీసిస్‌గా ఇచ్చింది. తర్వాత ఆమె స్క్రీన్‌ప్లే రాసిన సినిమా 1989లో దూరదర్శన్‌లో వచ్చింది. 1974లో ఒక ఆర్కిటెక్చర్ కాలేజీ చివరి ఏడాది కథ. అందులో ఆనీ అనే కుర్రాడి ఆలోచన ఏంటంటే, రైలు పట్టాలకి అటూ ఇటూ పండ్ల చెట్లు నాటాలి, జనం పొద్దున్నే అక్కడ కూర్చుంటారు కాబట్టి ఎరువుకి కొదవుండదని. నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. కానీ స్టేషన్లలో ఆ పట్టాలు కడిగిన చేతులు ఎవరివో మనకి తెలుసు కాబట్టి నవ్వు సగంలో ఆగుతుంది. (ఆమె 'కుల నిర్మూలన'కి రాసిన ముందుమాట మీద మనలో జరిగిన గొడవ మర్చిపోలేదు. దాని గురించి ఇక్కడ కాదు.)

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ షీట్లలో అన్నిటికన్నా తొందరగా గీసేసేది సర్వీసెస్ షీటు. జ్యూరీ కూడా దాని ముందు ఎక్కువసేపు నిలబడదు. ఆఖరి రాత్రి, నిద్ర కళ్ళతో, పైపు గీత మీద చిన్న గుండ్రం పెట్టి మ్యాన్‌హోల్ అని రాస్తారు. ఆ గుండ్రం కొలత మనిషి దిగేంత. ఏ మనిషి? 2013 చట్టం రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని నిషేధించింది. 2023 బడ్జెట్‌లో మ్యాన్‌హోల్‌ని మెషిన్‌హోల్ చేస్తామన్నారు. అదే ఏడాది సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ళ కుటుంబాలకి పరిహారం 30 లక్షలకి పెంచింది. చావుకి రేటు పెరిగింది గానీ గుండ్రం గీసే తీరు మారలేదు.

బాబాసాహెబ్ 1930లలో దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు పుస్తకాలకే పెద్ద చోటిచ్చాడు. అంటరానివాడు తన ఇంటి లెక్క తనే రాసుకుంటే మొదట ఏం రాశాడో చూడండి.

మ్యూజియం కట్టండి, స్టేడియం కట్టండి, వద్దనను. మీ థీసిస్ అంబేద్కర్ భవన్ మీదే ఉండాలని కూడా అనను. మ్యూజియం అయినా సరే, లారీ మెషిన్ ట్యాంకు పక్కదాకా వచ్చే దారి గీయండి. ఊడ్చే అక్కలకి బట్టలు మార్చుకునే గది, స్నానం, అన్నం తినే చోటు ఏరియా స్టేట్‌మెంట్‌లో చదరపు మీటర్లతో రాయండి. వాళ్ళు లోపలికొచ్చే తలుపు ఎటుందో ఒకసారి చూసుకోండి. ఇదేం డిజైన్ అని జ్యూరీలో ఎవరైనా అంటే 1993 చట్టం పూర్తి పేరు చదివి వినిపించండి. పాకీ పనిలో పెట్టడమే కాదు, పొడి మరుగుదొడ్ల నిర్మాణం కూడా నిషేధం అని ఆ పేరులోనే ఉంది.

జై భీమ్. 18వ భాగం వచ్చే ఆదివారం.