మనవారికి మనమే ఉపాధ్యాయులము



పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక, 2వ అధ్యాయము, 2వ వచనము తీసి చూడండి. నేర్చుకొన్నది నీ దగ్గరే ఉంచుకొనవద్దు, మరొకరికి నేర్పగల నమ్మకస్థులకు అందించు అన్నది దాని భావము. ఈ మాట మన తెలుగునేల మీద ఎలా నెరవేరినదో ఈ దినము ధ్యానిద్దాము.

మన తాతల కాలములో మాలపల్లె, మాదిగపల్లె పిల్లలను ఊరిబడి గడప తొక్కనిచ్చేవారు కారు. మిషన్‌వారు బడులు పెట్టిన మాట నిజమే. కాని ప్రతి పల్లెకు ఒక దొరగారు రాలేదు. పల్లెలో కాపురముండి పిల్లల చేత అక్షరాలు దిద్దించినది మనవాడైన పంతులే. వారమంతా బడి, ఆదివారము ఆరాధన. అటువంటి పంతుళ్లను తయారుచేసినవారిలో మహాకవి గుఱ్ఱం జాషువాగారు ఒకరు. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన గుంటూరులో లూథరన్‌వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేండ్లు పనిచేశారు.

ఇక మన హైదరాబాదు సంగతి వినండి. 1888లో ఇక్కడి మాల కుటుంబములో పుట్టిన భాగ్యరెడ్డివర్మగారు 1910లో ఇసామియా బజారులో తనవారి పిల్లల కోసం తెలుగు బడి తెరిచారు. ఆయన క్రైస్తవుడు కారు. అయినా ఎవరో వచ్చి నేర్పుతారని ఆయన ఎదురుచూడలేదన్న సంగతి మనము గమనించాలి. ఆ ఒక్క బడి 26 బడులైంది. వాటిలో సుమారు 2,500 మంది పిల్లలు చదివారు.

అమెరికాలోని నల్లజాతి సోదరుల చరిత్ర కూడా ఇటువంటిదే. దక్షిణ కరోలినాలో బానిసలకు వ్రాత నేర్పడము 1740లోనే నేరమైంది. అక్కడే, బానిసత్వము నుండి విడుదలైన తల్లిదండ్రులకు 1875లో మేరీ మెక్లియోడ్ బెతూన్ పుట్టింది. మిషన్ బడిలో తన జాతి ఉపాధ్యాయురాలి వద్ద చదివి, నేర్చుకొన్నది ఇంటికి వచ్చి తనవారికి చెప్పేది. ఆఫ్రికాకు మిషనరీగా వెళ్లాలని అడిగితే నల్లవారికి చోటు లేదన్నారు. ఆమె కృంగిపోలేదు. 1904లో ఫ్లోరిడాలోని డేటోనాలో ఒకటిన్నర డాలరుతో, ఐదుగురు ఆడపిల్లలతో బడి పెట్టింది. నేడు అది విశ్వవిద్యాలయము.

ప్రియులారా, మన జీడిమెట్లలో ఫ్యాక్టరీల చుట్టూ ఎన్ని బస్తీలున్నాయి! తల్లిదండ్రులు షిఫ్టుకు వెళితే, సాయంత్రము పిల్లవాడు పుస్తకము తెరిచినా చెప్పేవారు లేరు. మన సంఘములో డిగ్రీ, బి.ఎడ్. చదివినవారున్నారు. మన మందిరమునకేమో ఆదివారము దాటితే తాళము పడుతుంది. మన తాతకు అక్షరము దిద్దించిన పంతులు తన చదువుతో పట్నానికి వెళ్లిపోయి ఉంటే, ఈ పత్రికను మీరు ఇప్పుడు చదువగలిగేవారా?

ఉద్యోగము జీతముతో ముగుస్తుంది. పిలుపు అలా ముగియదు. వారమునకు రెండు సాయంత్రములు ఆ తాళము తీయండి. ఇద్దరు పిల్లలు వచ్చినా చాలును, మొదలుపెట్టండి. ప్రభువు మీ చేతిపనిని దీవించునుగాక. ఆమేన్.