సామాన్యుడు - సంధివిగ్రహములు

ప్రజాప్రభుత్వమున పరరాజ్యములతోడి సంధివిగ్రహములను నిర్ణయించువారెవరు? మంత్రులును రాయబారులును అని నాబోటి పాతచదువులవారు చెప్పుదురు. అమెరికా చరిత్రకారుడు టామస్ బెయిలీ యట్లు తలంపలేదు. సామాన్యుని యభిప్రాయమే తుదకు విదేశనీతిని నడపునని యాతని సిద్ధాంతము. దీనిని గూర్చి 1948లో ప్రత్యేకముగ నొక గ్రంథమునే వ్రాసెను.

బెయిలీ 1902లో కాలిఫోర్నియాలో జనించెను. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివి, హవాయి ద్వీపములలో కొంతకాలము బోధించి, 1930లో స్టాన్‌ఫర్డునకు మరలివచ్చి 1968 వరకు నచటనే ఆచార్యుడుగ నుండెను. 1940లో వెలువడిన దౌత్యచరిత్రకు ‘అమెరికా ప్రజల’ దౌత్యచరిత్ర యని పేరిడుటలోనే యాతని యాశయము తెల్లమగుచున్నది. సంధిపత్రములతో పాటు వార్తాపత్రికలకును, పరిహాసచిత్రములకును అందు స్థానము కలదు.

అధ్యక్షుడు విల్సనును గూర్చి 1944, 1945లలో రెండు గ్రంథములు వ్రాసెను. వెర్సేల్సు సంధిని, దానితో ముడివడిన నానాజాతి సమితిని అమెరికా సెనేటు 1920 మార్చి 19న తుదిసారి త్రోసిపుచ్చెను. అనుకూలురు 49, ప్రతికూలురు 35. కావలసిన మూడింట రెండు వంతులకు 7 మాత్రమే తక్కువ! సెనేటరు లాడ్జి చేర్చిన షరతులతో సంధి నంగీకరింపవలదని విల్సను తనవారికి చెప్పియుండెను. ప్రతికూలురలో 23 మంది యాతని పక్షమువారే. కన్నబిడ్డను తండ్రియే చంపుకొనెనని బెయిలీ తీర్పు. 1919 అక్టోబరులో పక్షవాతముచే మంచమెక్కిన వానిపై నింతభారము మోపుట నాకు కొంత కఠినముగ తోచును. కాని రెండవ యుద్ధానంతరము శాంతి నెట్లు నిలుపవలెనని జనులు తర్కించుచున్న దినములవి. ఆ గ్రంథములు పాతకథలు గాక హెచ్చరికలయ్యెను.

సామాన్యుడే నిర్ణేతయైనచో వానికి చరిత్ర తెలిసియుండవలెను గదా! 1956లో బెయిలీ ‘ది అమెరికన్ పేజెంట్’ అను పాఠ్యపుస్తకమును ప్రకటించెను. పాఠ్యపుస్తకములు నిద్ర తెప్పించునను నపవాదు కలదు. నేను బడిలో బోధించిన పెక్కింటికి నది తగినదే. బెయిలీ పుస్తకమో, హరిదాసు పిట్టకథలతో సభను మేల్కొలిపినట్లు, చమత్కారములతో సాగును. సరసతకై సత్యము సడలదా యని పండితులు శంకింపవచ్చును. ఆ యపాయ మాతడెరుగనిది కాదు. 1968లో అమెరికా చరిత్రకారుల సంస్థకు అధ్యక్షుడుగ నిచ్చిన యుపన్యాసమున, చరిత్రలో పాతుకొనిన కట్టుకథలనే విషయముగ గైకొని, పాఠ్యపుస్తకములను సైతము విడువలేదు.

1983లో బెయిలీ కాలధర్మము నొందెను. డేవిడ్ కెన్నెడీయు, తరువాత లిజబెత్ కోహెనును చేరి, ఆ పుస్తకమును సవరించుచు క్రొత్త ముద్రణములను వెలువరించిరి.