పొరుగువాళ్ల నిద్ర, బుల్లెట్ సైలెన్సర్

పాత బుల్లెట్‌కు మోత వచ్చే సైలెన్సర్ కావాలని ఏ స్పేర్‌పార్ట్స్ షాపులో అడిగినా, గోడకు వేలాడేవాటిలోంచి దించి చూపించేవాటిలో గోల్డ్ స్టార్ ఉండి తీరుతుంది. ముందు సన్నగా మొదలై, పోనుపోను లావై, చివర మళ్లీ సన్నబడే క్రోమ్ గొట్టం. దాని పుట్టిల్లు వెతుక్కుంటూ పోతే ఇంగ్లండ్‌లోని ఒక రేసు ట్రాకు దగ్గర తేలాను. సైలెన్సర్ లేని బండిని ఆ ట్రాకు మీద అడుగు పెట్టనిచ్చేవారు కాదట! మన వీధుల్లో పసిపిల్లల్ని ఉలిక్కిపడేలా చేసే గొట్టానికి మూలం అక్కడ ఉందని తెలిశాక ఆ రోజు ఇంకే పనీ సాగలేదు.

ఆ ట్రాకు పేరు బ్రూక్‌లాండ్స్. సర్రీలోని వేబ్రిడ్జ్ దగ్గర హ్యూ లాక్ కింగ్ అనే జమీందారు సొంత డబ్బుతో, సొంత భూమిలో కట్టించాడు. మొత్తం కాంక్రీటు, మలుపుల్లో ముప్పై అడుగుల ఎత్తు దాకా లేచే వాలుగోడలు. 1907 జూన్‌లో తెరిచారు. తెరిచిన కొద్ది రోజులకే ఎస్.ఎఫ్. ఎడ్జ్ అనే ఆయన నేపియర్ కారులో 24 గంటలు ఏకబిగిన తిరిగి 1,581 మైళ్లు నడిపాడు. రాత్రిపూట దారి కనబడాలని ట్రాకు పొడవునా లాంతర్లు పెట్టారు. చుట్టుపక్కల బంగళాల్లో వాళ్లకు ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. కోర్టుకెక్కారు. అక్కడితో రాత్రి పరుగులు బంద్.

24 గంటల రికార్డు మీద మోజు మాత్రం పోలేదు కదా. పగలు పన్నెండు గంటలు నడపడం, చీకటి పడగానే బండికి తాళం వేసి పెట్టేయడం, మర్నాడు మళ్లీ పన్నెండు గంటలు! దీనికి ‘డబుల్ ట్వెల్వ్’ అని పేరు పెట్టి రికార్డులు రాసుకున్నారు, రేసులూ పెట్టారు. పొరుగువాడి నిద్ర కోసం రేసునే రెండు ముక్కలు చేసిన చోటు ఇంకోటి ఉంటుందనుకోను.

అయినా ఫిర్యాదులు ఆగలేదు. 1920లలో మోటార్‌సైకిళ్లకూ కార్లకూ సైలెన్సర్ తప్పనిసరి చేశారు. ‘బ్రూక్‌లాండ్స్ క్యాన్’ అంటారు దాన్ని. పెద్ద రేకు డబ్బా, వెనక చేపతోకలా చదునైన మూతి. చూడ్డానికి వికారం. ఇక రేసింగ్ చచ్చినట్టేనని కుర్రాళ్లు గోలపెట్టారు. నాకు ముచ్చటేసేది ఆ తరవాతి కథే. ఇంజన్ ట్యూన్ చేసేవాళ్లు ఆ డబ్బాను తిట్టుకుంటూనే దాని కిటుకు పట్టేశారు.

ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే గొట్టంలోకి ఒక ఒత్తిడి అల దూసుకెళ్తుంది. గొట్టం ఒక్కసారిగా విశాలమైన చోటికి తెరుచుకుంటే ఆ అల తిరగబడి, ఈసారి లాగే అలగా వెనక్కొస్తుంది. వాల్వ్ ఇంకా మూసుకోకముందే అది సిలిండర్ దగ్గరికి చేరితే, లోపల మిగిలిన కాలిన వాయువును బయటికి లాగేసి కొత్త మిశ్రమానికి చోటు చేస్తుంది. గొట్టం మరీ పొడుగైతే ఆలస్యం, మరీ పొట్టిదైతే తొందర. అంటే శక్తినిచ్చేది చప్పుడు కాదు, కొలత. డబ్బా తగినంత పెద్దదైతే దాని ముందున్న గొట్టాన్ని కోసి సరిచేసుకోవచ్చు. కోసి, తిప్పి, మళ్లీ కోసి చూసుకునేవారు. ఆ ట్రాకు మీదే 1939లో నోయెల్ పోప్ సూపర్‌చార్జర్ బిగించిన బ్రఫ్ సుపీరియర్ మోటార్‌సైకిల్‌ను గంటకు 124.51 మైళ్ల వేగంతో, అంటే మన లెక్కలో 200 కిలోమీటర్లతో, ఒక చుట్టు తిప్పాడు.

బ్రిటిష్ మోటార్‌సైకిల్ రేసింగ్ క్లబ్బు పోటీల్లో గంటకు వంద మైళ్లు దాటి ఒక చుట్టు తిరిగినవాళ్లకు కోటుకు పెట్టుకునే చిన్న బంగారు నక్షత్రం ఇచ్చేవారు. అదే గోల్డ్ స్టార్. అది అందుకున్న ఆడవాళ్లు ముగ్గురే: ఫ్లారెన్స్ బ్లెంకిరన్, బియాట్రిస్ షిల్లింగ్, థెరీసా వాలక్. షిల్లింగ్ దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేను. ఆమె ఇంజనీరు. 1934లో తన చేత్తో ట్యూన్ చేసుకున్న నార్టన్ మోటార్‌సైకిల్ మీద 106 మైళ్ల వేగం అందుకుంది. ‘నువ్వూ ఆ నక్షత్రం తెచ్చుకో, అప్పుడు పెళ్లి’ అని కాబోయే మొగుడికి షరతు పెట్టిందని చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, జార్జ్ నేలర్ నక్షత్రమూ తెచ్చుకున్నాడు, పెళ్లీ అయింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. స్పిట్‌ఫైర్ విమానం ముక్కు కిందికి పెట్టి ఒక్కసారిగా దూకితే, కార్బురేటర్‌లో పెట్రోలు ముందు అందక, ఆ వెంటనే పొంగి, మెర్లిన్ ఇంజన్ ఆగిపోయేది. జర్మన్ విమానాలకు ఆ బెడద లేదు, వాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. 1941లో షిల్లింగ్ పెట్రోలు దారిలో ఒక చిన్న ఇత్తడి బిళ్ల పెట్టింది. ఇంజన్ తాగగలిగినంతకు మించి పోకుండా కొలిచి చేసిన రంధ్రం, అంతే. దాన్ని బిగించడానికి ఎయిర్‌ఫీల్డులకు తన నార్టన్ మీదే వెళ్లేది. మన మెకానిక్ కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచే మెయిన్ జెట్ మార్చే పనికి ఇది సాక్షాత్తూ అక్కే.

ఇక మన సైలెన్సర్ సంగతి. 1937 జూన్ 30న వాల్ హ్యాండ్లీ అనే రేసరు మిథనాల్ పోసిన బీఎస్ఏ కంపెనీ బండి ఎంపైర్ స్టార్ మీద బ్రూక్‌లాండ్స్‌లో 107.57 మైళ్ల వేగంతో చుట్టు తిరిగి నక్షత్రం గెలిచాడు. మరుసటి సంవత్సరం బీఎస్ఏ కొత్త మోడల్‌కు గోల్డ్ స్టార్ అని పేరు పెట్టుకుంది. 1939తో ట్రాకు మూతపడి విమానాల కార్ఖానా అయిపోయింది. వాలుగోడల్ని అక్కడక్కడా కోసేశారు. ఇప్పటికీ ఫొటో చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

బండి మాత్రం బతికి, 1956 నాటికి డీబీడీ34 అనే మోడల్‌గా ముదిరింది. ఒకటిన్నర అంగుళాల అమల్ జీపీ కార్బురేటర్, ఫిల్టర్ ఊసే లేని నోరు. సిగ్నల్ దగ్గర నిలకడగా ఆడదు. ఫస్ట్ గేర్‌లోనే అరవై మైళ్లు పోతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్ కిచకిచమంటుంది. లండన్‌లో ఏస్ కెఫే దగ్గర బండ్లతో చేరే కుర్రకారుకు ఆ కిచకిచే కావాలి. బ్యాన్‌బరీలో ఎడ్డీ డౌ లాంటివాళ్లు గోల్డ్ స్టార్‌కు విడిభాగాలు అమ్ముతూ పేరు తెచ్చుకున్నారు. బండి తయారీ 1963లో ఆగిపోయింది. గొట్టం ఆకారం మాత్రం ఊళ్లు దాటి తిరుగుతూనే ఉంది.

ఇంజన్‌లోకి గాలి వెళ్లే వైపు కథ ఇంత పొడుగు కాదు. అమెరికాలో కాలిఫోర్నియా ఎడారి దుమ్ములో కాగితం ఫిల్టర్లు పూడుకుపోతుంటే, కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ నూనె పట్టించిన నూలు గుడ్డ ఫిల్టర్లు తెచ్చారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే కే అండ్ ఎన్. జపాన్ బండ్లకు ఫిల్టర్ ఉండే ఎయిర్‌బాక్స్ పీకేసి ఇలాంటివి తగిలించడం 1970లలో ఫ్యాషనైంది. ఎయిర్‌బాక్స్‌ది కూడా లెక్కతో చేసిన కొలతేనని తీసేశాక గానీ చాలామందికి తెలిసిరాలేదు.

మనకు 1955లో మద్రాసులో బుల్లెట్ బిగింపు మొదలైంది. తరవాతి దశాబ్దాల మీంచి దూకేస్తాను, ఎందుకంటే బండి పెద్దగా మారలేదు. మారింది మనం. గోల్డ్ స్టార్ పేరుతో అమ్మే వాటిలో చాలావాటికి లోపల చిల్లుల గొట్టం తప్ప ఇంకేమీ ఉండదు. బ్రూక్‌లాండ్స్‌లోనైతే గేటు దగ్గరే ఆపేసేవారు. విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కించారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శబ్ద పరిమితి మీరితే పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు రద్దు. పోలీసుల మీద నాకు కోపం లేదు. నా బాధల్లా, ఆ గొట్టంతో పాటు రావాల్సిన చదువు రాలేదే అని.

సైలెన్సర్, ఫిల్టర్ మార్చి జెట్ మార్చకపోతే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. థ్రాటిల్ వదిలితే ఫటఫటలు. కుర్రాళ్లు అదే పికప్ అనుకుంటారు. ఇంజన్ లోపల కాగిపోతుంటుంది. తెలిసిన మెకానిక్ మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచుతాడు, నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి దించుతాడు. దాంతో నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ వస్తుంది. బీఎస్-6 బండ్లలో ఇదేమీ లేదు, ఎగ్జాస్ట్‌లో ఉన్న సెన్సర్ చూసి కంప్యూటరే పెట్రోలు కొలిచి పోస్తుంది. ఆ పనితనం కార్బురేటర్ బండ్లతోనే పోయేలా ఉంది.

పాత బండి ఉన్నవాళ్లు ఇప్పటికీ చేసుకోవచ్చు. ఖాళీ రోడ్డు చూసుకుని, కొత్త ప్లగ్గు వేసి, ఫుల్ థ్రాటిల్‌లో కాస్త దూరం పోవాలి. థ్రాటిల్ వదలకుండానే ఇగ్నిషన్ కట్టేసి, వెంటనే క్లచ్ పట్టి, బండి ఆగాక ప్లగ్గు విప్పి చూడాలి. పింగాణీ తెల్లగా ఉంటే పెట్రోలు చాలలేదు, నల్లగా మసిబారితే ఎక్కువైంది, లేత గోధుమ రంగుంటే జెట్ కుదిరినట్టు. చెయ్యి కాలకుండా గుడ్డ దగ్గర పెట్టుకోండి.