చెఱకు గానుగల నడుమ నలువది దినములు

చోడవరమునుండి నర్సీపట్నమునకు పోవు బాటలో, తూర్పు కనుమల చేరువనున్న రావికమతము ప్రాంతమున మాఘ ఫాల్గుణములు విశ్రాంతి మాసములు కావు. చెఱకు గానుగకు చేరి, రసము పెనమున మరగుచుండగా, పొయ్యిలోనికి ఒకడు ఎండిన పిప్పిని ఎగద్రోయుచు, వేరొకడు సున్నము పడిన రసముపై తేలు తెట్టును తీసివేయుచు, అనుభవశాలియైన మరియొకడు పాకము పదునును కనిపెట్టుచు రేయింబవళ్లు శ్రమించు దినములవి. ఆ బెల్లము అనకాపల్లి మార్కెట్టునకు తరలుచుండగనే శివరాత్రి జాగరణము వచ్చును. అటుపిమ్మట కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక జాతర మొదలగును. ఈ నడిమి కాలముననే ఈ సీమ క్రైస్తవులకు నలువది దినముల వ్రతము ప్రాప్తించును. కతోలికులు దీనిని తపఃకాలమనియు, తక్కిన సంఘములవారు శ్రమల దినములనియు, వాడుకలో లెంటు దినములనియు చెప్పుకొందురు.

ఈ సామీప్యము కేవలము యాదృచ్ఛికము కాదు. ఈస్టరు పండుగ మార్చి 21 మొదలుకొని వచ్చు పూర్ణిమకు మీది ఆదివారమున నిర్ణయింపబడును. ఆ పూర్ణిమ పెక్కేండ్లు మన చైత్ర పూర్ణిమయే యగుటచేత, ఈస్టరునకు 46 దినములు ముందుగా వచ్చు విభూతి బుధవారము ఆ యేండ్లలో శివరాత్రి మీది వారమునందే తటస్థించుచుండును. 2018లో శివరాత్రి ఫిబ్రవరి 13న రాగా, విభూతి బుధవారము దాని మరునాడే వచ్చినది. నడుమనున్న ఆరు ఆదివారములు ఉపవాసమునకు చెల్లవు గనుక, అవి పోగా మిగిలినవి నలువది. తిథులను లెక్కించుటకు అలవాటుపడిన రైతునకు ఈ గణనము పరాయిదిగా తోచియుండదు.

నలువది దినముల ప్రస్తావన క్రీస్తుశకము 325లో జరిగిన నైకియా మహాసభ కట్టడలలో ఐదవదానియందు కనబడుచున్నది. విచిత్రమేమనగా, ఆ కట్టడ ఆహారనియమమును గూర్చినది కాదు. నలువది దినములకు ముందుగా బిషపులు సభదీరి, వెలివేయబడినవారి వ్యాజ్యెములను మరల విమర్శించి, తమలోని వైమనస్యములను పోగొట్టుకొని, నిర్మలమైన కానుకను దేవునికి అర్పింపవలెనని అది విధించినది. ఈస్టరునాడు బాప్తిస్మము పొందగోరువారు కడపటి శిక్షణము పొందుటయు, తప్పిపోయి పశ్చాత్తప్తులైనవారు మరల సంఘమున చేరుటకు సిద్ధపడుటయు ఈ కాలపు ప్రాచీన ప్రయోజనములు. కావున ఈ వ్రతమునందు మొదటినుండియు ఉద్దిష్టమైన సంపూర్ణత ఒంటరి సాధకుని దేహశోషణ కాక, విరిగిన సంబంధములు అతుకుకొనుటయే యని చెప్పవచ్చును. ప్రార్థన, ఉపవాసము, దానము అను మూడంగములలో ఏ యొకటి లోపించినను తక్కిన రెండును నిస్సారములగునని పూర్వాచార్యులు బోధించిరి.

విశాఖపట్టణమండలమునకు ఈ ధర్మము రెండు త్రోవల వచ్చినది. లండను మిషనరీ సంఘమువారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అనువారు 1805లో విశాఖపట్టణము చేరి, ఆనందరాయరు అను దేశీయ పండితుని సాహాయ్యముతో సువార్తలను తెనిగింప నారంభించిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను మరణించినను, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. ఎడ్వర్డు ప్రిచ్చెట్టు అనువాదమైన క్రొత్తనిబంధన 1818లో మదరాసున వెలువడెను. క్రీస్తు అరణ్యమున నలువది దినములు ఉపవసించిన వృత్తాంతమును, ఆయన శ్రమలను తెలుగువారు అచ్చుపుస్తకమున చదువుకొనుటకు ఇట్లు ఈ మండలమే కారణమైనది. అయినను ఆ దొరలకు గాని, 1874లో కాకినాడ కేంద్రముగా పని ప్రారంభించి తరువాత ఎలమంచిలి, నర్సీపట్నముల వఱకు వ్యాపించిన కెనడా బాప్తిస్తులకు గాని తపఃకాలాచరణము సంప్రదాయము కాదు. వారు గ్రంథము నిచ్చిరి, పంచాంగము నీయలేదు.

పంచాంగమును తెచ్చినవారు సవాయి దేశపు ఆన్సీ పట్టణమునుండి 1846లో యానాము మీదుగా విశాఖకు చేరిన సలేసు ఫ్రాన్సిసు సభ గురువులు. వారివలన విభూతి బుధవారము, సిలువమార్గము, మట్టల ఆదివారము ఈ సీమకు వచ్చినవి. నిరుడు మట్టల ఆదివారమున ఆశీర్వదింపబడి, ఇంటి గోడకు చెక్కబడి, ఏడాదిపాటు ఎండిన ఆకులను తెచ్చి కాల్చి, ఆ భస్మమునే నొసట సిలువగురుతుగా పెట్టుదురు. ఒక పండుగనాటి జయధ్వానము మరు సంవత్సరపు పశ్చాత్తాపమునకు ద్రవ్యమగుట ఈ ఆచారమందలి సొగసు. శుక్రవారములందు గుడి గోడలనున్న పదునాలుగు పటముల యొద్ద మోకరించుచు క్రీస్తు శ్రమలను ధ్యానింతురు. బాప్తిస్తు పల్లెలలోనో, ఆ లోటును కీర్తనలు తీర్చెను. గంజాము సీమయందు పుట్టిన పురుషోత్తమ చౌధరి (1803–1890) మొదలగు భక్తకవుల రచనలు మన రాగతాళములలో నొదిగి, అక్షరములు రానివారి నోటను నిలిచినవి. కాలక్రమమున బాప్తిస్తు సంఘములును మంచి శుక్రవారమున ఏడు మాటల ధ్యానమును, సాయంకాలపు లెంటు కూడికలను తమవిగా చేసికొన్నవి.

అయితే ఇచట ఒక చిక్కు కలదు. దినమంతయు చెఱకు నరకి, గానుగయొద్ద మోపులు మోసి, రాత్రికి గంజి త్రాగు కూలివానికి ఉపవాసమును విధించుట యెట్లు? మాంసమును మానుమన్నచో, పండుగకు దప్ప దాని రుచి యెఱుగనివాడు దేనిని మానవలెను? దీనికి సమాధానము ఆ సవాయి గురువులు ఎవని పేర వెలసిరో ఆ మహనీయుని గ్రంథమందే యున్నది. ఫ్రాన్సిసు సలేసు (1567–1622) 1609లో ప్రకటించిన భక్తిజీవన ప్రవేశికయందు, సన్న్యాసికే కాక సిపాయికి, పనివానికి, గృహిణికి గూడ వారివారి వృత్తులయందే పరిపూర్ణత సాధ్యమని నిరూపించి, ఉపవాసమువలెనే శ్రమయు దేహమును లోబఱచునని, అవసరమైన పని యున్నచో ఉపవాసక్లేశముకంటె ఆ పనియొక్క క్లేశమునే భరించుట తన కిష్టమని వ్రాసియున్నాడు. మూడున్నర శతాబ్దముల పిమ్మట, 1966లో, ఆరవ పౌలు పోపు ఉపవాసవిధిని విభూతి బుధవారమునకు, మంచి శుక్రవారమునకు మాత్రము పరిమితము చేసి, ఆయా దేశముల బిషపులు ఇతర దినముల నియమములకు బదులు ప్రార్థనను, దానధర్మములను ఏర్పాటు చేసికొనవచ్చునని అనుమతించుటయు ఈ భావమునకు సమీపమే.

ఈ విచారణవలన తేలునదేమనగా, ఉపవాసభారము అందఱిమీద సమానముగా పడదు. కలిగినవానికి అది తన పళ్లెమునుండి కొంత తగ్గించుకొనుట. ఆ తగ్గినది ఆకలిగొన్నవానికి చేరనిచో అది పొదుపగును గాని తపస్సు కానేరదు. రెండవ శతాబ్దినాటి హెర్మాసు గ్రంథము, ఉపవాసమున మిగిలిన భోజనపు వెలను లెక్కగట్టి విధవకో, అనాథకో ఇమ్మని స్పష్టముగా శాసించుచున్నది. లేనివానికి మాత్రము అప్పటికే తప్పని ఆకలిని పుణ్యముగా పొగడుట ధర్మము కాదు. అతనికి వలసినది కూలి సకాలమున అందుట, అవమానము తొలగుట, తోటివారితో సమముగా కూర్చుండుట. గానుగ యజమానియు కూలియు ఒకే వరుసలో నిలిచి ఒకే భస్మమును ధరించినను, ఆ శనివారము కూలి లెక్కయొద్ద న్యాయము జరుగనినాడు ఆ నలువది దినములు పూర్తియైనట్లు కాదు.