పాముపిల్ల తిండి ముట్టడం లేదా? బాల్ పైథాన్ పెంచే ఇళ్లలో తెలుసుకోవాల్సిన విషయాలు

అమెరికా, బ్రిటన్, కెనడా లాంటి దేశాల్లో పెట్ షాపుకెళితే పిల్లులు, చిలుకల పక్కనే బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ కూడా అమ్మకానికి కనిపిస్తుంది. విషం ఉండదు, నెమ్మదిగా ఉంటుంది, భయపడితే బంతిలా చుట్టుకుపోతుంది. అక్కడ పెరిగే పిల్లలు ఇది కావాలని పట్టుబడితే కాదనలేక కొనిచ్చే తల్లిదండ్రులు ఉన్నారు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. తెచ్చి వారమైనా, రెండు వారాలైనా పాముపిల్ల ఏమీ తినదు. కొడుకు ఏడుస్తుంటాడు, నాన్న ఫోన్లో వీడియోలు చూస్తుంటాడు, హైదరాబాద్ నుంచి నానీ "కాసిన్ని పాలు పొయ్యండమ్మా" అని సలహా ఇస్తుంది. కంగారులో అందరూ తలో పని చేస్తారు. చాలాసార్లు ఆ కంగారే దానికి ఇంకా చేటు చేస్తుంది.

ఒక్క విషయం ముందే గుర్తుపెట్టుకోండి. తినని పాముపిల్లది మొండితనం కాదు. చాలావరకు దానికి చలిగా ఉండి ఉంటుంది, లేదంటే భయం వేసి ఉంటుంది. అందుకే ముందు సరిచేయాల్సింది తిండిని కాదు, అది ఉండే చోటుని.

ఇది ఎలాంటి జీవి?

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా జీవి. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఏళ్ల తరబడి ఇతర దేశాలకు ఎగుమతి అవుతోంది. బ్రిటన్‌లో దీన్ని రాయల్ పైథాన్ అంటారు. పగలంతా బొరియల్లో దాక్కుని, రాత్రిపూట వేటకు వస్తుంది. పై పెదవి వెంట చిన్న చిన్న గుంతలు ఉంటాయి. వాటితో ఎలుక ఒంటి వేడిని చీకట్లోనే పసిగడుతుంది.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల సుమారు 50 నుంచి 70 గ్రాముల బరువు ఉంటుంది. కడుపులో మిగిలిన పచ్చసొనతో కొన్నాళ్లు గడుపుతుంది. వారం, రెండు వారాల్లో మొదటి కుబుసం విడిచాకే సాధారణంగా వేట మొదలెడుతుంది. పాలు, ఉడికించిన గుడ్డు, చికెన్ ముక్కలు దాని తిండి కాదు. అది ఎలుకనో చిట్టెలుకనో మొత్తంగా మింగి బతికే జీవి.

ముందు ఇల్లు సరిచేయండి

పెట్టెలో ఒక వైపు వెచ్చగా, రెండో వైపు కాస్త చల్లగా ఉండాలి. వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ (అమెరికా లెక్కలో 88 నుంచి 92 ఫారెన్‌హీట్), చల్లని వైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉండేలా చూడండి. ఒళ్లు చల్లబడితే పాముకు తిన్నది అరగదు, అందుకే తినదు. హీట్ మ్యాట్ పెడితే థర్మోస్టాట్ తప్పనిసరి. లేదంటే పొట్ట కింద కాలిపోతుంది. చేత్తో తాకి "వెచ్చగానే ఉంది" అనుకోవద్దు, థర్మామీటర్ పెట్టి చూడండి. గాలిలో తేమ 60 శాతం దగ్గర్లో ఉంటే చాలు.

రెండోది దాక్కునే చోటు. వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, రెండు గూళ్లు పెట్టాలి. పాము చుట్టుకుని కూర్చుంటే గూడు గోడలు ఒంటికి తగిలేంత ఇరుకుగా ఉండాలి. మనకు ఇరుకు, దానికి ధైర్యం. పెద్ద గాజు పెట్టెలో ఖాళీ ఎక్కువగా ఉంటే ఆకులు, అట్టముక్కలతో నింపండి, మూడు వైపులా అద్దానికి కాగితం అంటించండి. టీవీ పక్కన, అందరూ తిరిగే హాల్లో పెట్టకండి.

వారం రోజులు వదిలేయండి

కొత్తగా తెచ్చిన పిల్లను కనీసం ఐదు నుంచి ఏడు రోజులు ముట్టుకోవద్దు. చుట్టాలు వచ్చారని బయటికి తీసి చూపించొద్దు. నీళ్లు మార్చడం, పెంట తీయడం వరకే. పిల్లలకు ఇదే కష్టమైన పని. పాము తినడం మొదలుపెట్టేదాకా దాన్ని ఎత్తుకోకూడదని కొనే రోజే చెప్పి ఒప్పించండి.

కళ్లు పాలు కలిపిన నీలంలా మసకబారితే కుబుసం విడిచే సమయం వచ్చినట్టు. అప్పుడు చాలా పాములు తిండి వద్దంటాయి. కుబుసం పూర్తిగా విడిచాక రెండు మూడు రోజులు ఆగి పెట్టండి.

ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి?

పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటు ఎంత ఉంటుందో ఎలుక కూడా అంతే లావు ఉండాలి. బరువు లెక్కలో పాము బరువులో 10 నుంచి 15 శాతం. అంటే 60 గ్రాముల పిల్లకు 6 నుంచి 9 గ్రాముల చిట్టెలుకో, ఎలుకపిల్లో సరిపోతుంది. మరీ పెద్దది పెడితే భయపడి వెనక్కి పోతుంది.

షాపులో దొరికే గడ్డకట్టించిన ఎలుకను ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి. తర్వాత కవర్లో వేసి, వేడినీళ్లలో 15, 20 నిమిషాలు ఉంచి, తుడిచి ఆరబెట్టండి. ముఖ్యంగా తల దాదాపు 38 డిగ్రీల వేడి మీద ఉండాలి. వేడి లేకపోతే పాము దాన్ని ఎలుక అనుకోదు. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు. కొంత ఉడుకుతుంది, కొంత పచ్చిగా ఉంటుంది, ఒక్కోసారి పగిలిపోతుంది.

చీకటి పడ్డాక, గదిలో దీపం తగ్గించి, పొడవాటి పట్టకారుతో ఎలుకను గూడు ముందు నెమ్మదిగా కదిలించండి. ముఖం మీద కొట్టినట్టు ఆడించొద్దు. ఐదు, పది నిమిషాల్లో పట్టుకోకపోతే అక్కడే గూడు గుమ్మం దగ్గర వదిలి, రాత్రంతా ఆ గదిలోకి వెళ్లకండి. పొద్దున్నే చూసి, తినకపోతే తీసి పారేయండి. కరిగిన ఎలుకను మళ్లీ గడ్డకట్టించొద్దు.

వద్దన్న తర్వాత మర్నాడే మళ్లీ పెట్టడం చాలామంది చేసే తప్పు. కనీసం ఐదు నుంచి ఏడు రోజులు ఆగండి. రోజూ ముఖం ముందు తిండి ఊపితే దానికి అది బెదిరింపే.

అయినా తినకపోతే

ఒక్కోసారి ఒక్క మార్పే చేసి చూడండి. అన్నీ కలిపి చేస్తే దేనివల్ల తిన్నదో తెలియదు.

- ముందు అమ్మినవాళ్లను అడగండి: ఇంతకుముందు ఏం తిన్నది, ఎలుకా చిట్టెలుకా, బతికినదా చచ్చినదా, ఎన్నిసార్లు తిన్నది. అదే పెట్టి చూడండి.
- ఎలుక వద్దంటే చిట్టెలుక, చిట్టెలుక వద్దంటే ఎలుకపిల్ల.
- గాలి రంధ్రాలున్న చిన్న డబ్బాలో పామును, వెచ్చని చచ్చిన ఎలుకపిల్లను కలిపి పెట్టి, మూత బిగించి, ఆ డబ్బాను దాని పెట్టెలోనే వెచ్చని వైపు రాత్రంతా ఉంచండి. ఇరుకు చోట, చీకట్లో ధైర్యం వచ్చి తినేస్తుంది.
- చచ్చిన ఎలుక తలకు చిన్న గాటు పెడితే వాసన బయటికి వస్తుంది. చూడలేనివాళ్లు ఇది మానేయొచ్చు.

కొన్ని పిల్లలు మొదట్లో కదిలే ఎలుకనే పట్టుకుంటాయి. కానీ పళ్లు వచ్చిన బతికిన ఎలుకను పాముతో ఒంటరిగా వదలొద్దు. ఆకలేసిన ఎలుక పామునే కొరుకుతుంది. ఆ గాయాలతో చచ్చిపోయే పాములున్నాయి.

నోరు తెరిచి బలవంతంగా కుక్కడం ఇంట్లో చేసే పని కాదు. దవడ, గొంతు దెబ్బతింటాయి. అది చివరి దారి, చేయి తిరిగినవాళ్లు చేయాల్సింది.

ఎంతకాలం ఆగొచ్చు?

పెద్ద బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తినకుండా ఉంటాయి. ఆ మాట విని పిల్ల విషయంలో ధీమాగా కూర్చోవద్దు. దాని ఒంట్లో అంత నిల్వ ఉండదు. గ్రాములు చూపించే వేరే కాటా ఒకటి కొని వారానికోసారి తూచి, నోట్‌బుక్‌లో రాయండి. ఈ పని పిల్లలకే అప్పగించండి. బరువు నిలకడగా ఉంటే కొన్ని వారాలు ఓపిక పట్టొచ్చు. 60 గ్రాములది 54కి దిగిందంటే పదో వంతు పోయినట్టు. ఇక ఆగకుండా పాములను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

నోట్లో నురగ, గురక లాంటి శబ్దం, నోరు తెరిచి ఊపిరి తీయడం, చిగుళ్ల వాపు, ఒంటిమీద నల్లటి చిన్న పురుగులు కనిపిస్తే బరువు సంగతి చూడకుండా వెంటనే వెళ్లాలి. పుట్టాక ఒక్కసారీ తినని పిల్ల అయినా అంతే.

తిన్న రోజు సంబరపడి చేతిలోకి తీసుకోవద్దు. 48 గంటలు వదిలేయండి. కదిలిస్తే కక్కేస్తుంది. కక్కితే పది రోజుల నుంచి రెండు వారాలు ఆగి, ఈసారి ఇంకా చిన్నది పెట్టాలి.

ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే

పాములు, ఎలుకలు సాల్మొనెల్లా అనే క్రిమిని మోస్తాయి. గడ్డకట్టించినా అది చావదు. ఎలుకలను వంటింటి గిన్నెల్లో, సింకులో కరిగించొద్దు. మూత ఉన్న డబ్బా, పట్టకారు, కాటా వేరుగా పెట్టుకోండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు పాములకు దూరంగా ఉండాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

ఇక్కడివాళ్లకు ఒక హెచ్చరిక

ఇది చదివి తెలంగాణ, ఆంధ్రలో ఎవరూ పొలంలో దొరికిన పాముపిల్లను పెంచాలనుకోవద్దు. మన నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు. పట్టడం, ఇంట్లో ఉంచడం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ పామును ఉంచుకున్నా 2022 సవరణ ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి.

విదేశాల్లో కొనేవాళ్లు కూడా అడవిలో పట్టిన పిల్లను కాక, అక్కడే పుట్టి, నాలుగైదు సార్లు తిన్నట్టు రాసిపెట్టిన పిల్లనే అడగండి. షాపులో ఆ ఒక్క ప్రశ్న వేస్తే, ఇంటికొచ్చాక పడే తిప్పలు సగం తప్పుతాయి.