ఓరుగల్లు రాజు మాట, చీనా పింగాణీ బాట

ఓరుగల్లుకు సముద్రం దగ్గర్లో లేదు. అయినా చీనా పింగాణీ తెలుగు నేల మీదికి ఎలా వచ్చిందో, కొలువుల్లోకీ కలెక్షన్లలోకీ ఎలా చేరిందో చెప్పాలంటే ఓరుగల్లు నుంచే మొదలుపెట్టాలి. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం అద్దాల బీరువాల దగ్గర మొదలుపెడితే సగం కథే చేతికందుతుంది.

ఒకప్పటి రేవు పట్టణమైన బాపట్ల జిల్లా మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి మండపంలోని స్తంభం మీద ఓరుగల్లు ఏలిన కాకతి గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే 1244–45 నాటిది. అంతకుముందు గాలివానకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ ఒడ్డు ఏ రాజుదో సరుకూ ఆ రాజుదే. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏదీ వదిలేవారు కారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రానికి ఎదురెళ్లే వర్తకుల మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ ముట్టబోమని మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఏ సరుకుకు ఎంతో కూడా చెక్కించాడు: చందనం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, పట్టు, మిరియాలు, పోకలు. వాటి మధ్య చీనా కర్పూరమూ ఉంది. పింగాణీ పేరు ఆ జాబితాలో కనిపించదు. కానీ చీనా సరుకు ఆ రేవులో దిగుతోందనడానికి ఆ ఒక్క మాట చాలు.

ఇప్పుడు సముద్రానికి ఆ చివరికి వెళదాం. అక్కడ చీనాలో దక్షిణ సాంగ్ వంశ ప్రభుత్వాన్ని ఒక బెంగ పీడిస్తోంది. పరదేశపు సుగంధాలూ దంతమూ కొనడానికి రాగి నాణేలు, వెండి, బంగారం దేశం దాటిపోతున్నాయి. 1219లో ఆజ్ఞ వెలువడింది: ఇకమీదట లోహం ఇవ్వొద్దు, బదులుగా పట్టు, పింగాణీ, మెరుగుపూత వేసిన సామాను ఇవ్వండి. అటు పింగాణీని బయటికి పంపాల్సిన అవసరం పుట్టిన పాతికేళ్లకు, ఇటు దాన్ని మోసుకొచ్చే ఓడకు భయం తీరింది. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసిన పనులు కావివి. అయినా నాకు ఈ కథ ఆ రెండు ఆజ్ఞల మధ్యే నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంతకీ ఆ పాత్రలో అంత గొప్పేమిటి? మన కుమ్మరుల చేతిలో పనితనం తక్కువేమీ కాదు. తేడా అంతా మట్టిలో, మంటలో ఉంది. మన ఆవం వేడి సుమారు 800–900 డిగ్రీలు. తెల్ల పింగాణీకి 1300 డిగ్రీల దరిదాపుల వేడి కావాలి, అంత వేడికి తట్టుకునే కయోలిన్ మట్టి కావాలి. చీనాలో చెజియాంగ్ ప్రాంతపు లాంగ్‌చువాన్ పనివాళ్లు కొండవాలు మీద పదుల మీటర్ల పొడవున బట్టీలు కట్టారు. కింద రాజేసిన మంట తనంతట తానే పైకి పాకేది. గాలి చాలినంత అందకుండా చేసి కాలిస్తే, పూతలో ఉన్న కొద్దిపాటి ఇనుము లేత ఆకుపచ్చగా మారేది. దాన్నే ఇప్పుడు సెలడాన్ అంటున్నారు. పద్నాలుగో శతాబ్దంలో చీనాలోనే మరో పింగాణీ కేంద్రం జింగ్‌డెజెన్‌లో పర్షియా నుంచి తెచ్చిన కోబాల్టుతో తెలుపు మీద నీలి చిత్రాలు వేయడం జోరందుకుంది. ఐరోపాకు పింగాణీ తయారీ రహస్యం 1708 తరవాత గానీ అందలేదు.

మన దేశంలో సెలడాన్‌ను ఘోరీ పాత్ర అనేవారు. విషం కలిసిన అన్నం పెడితే పళ్లెం రంగు మారుతుందనో, పగులుతుందనో నమ్మేవారు. అందులో నిజం లేదు. కానీ ఎప్పుడు ఎవరు విషం పెడతారోనని బెదిరే దర్బారుల్లో ఆ నమ్మకం పాత్రకు కాపలా కాసింది, పగలకుండా తరాలు దాటించింది. షాజహాన్ తన పేరు చెక్కించుకున్న ఒక చీనా పళ్లెం అప్పటికే మూడు వందల ఏళ్ల పాతది. తిండి కోసం కొన్న పాత్ర దాచుకునే వస్తువుగా మారిపోయిన క్షణం ఆ చెక్కడంలో కనబడుతుంది.

దక్కన్‌లో ఆ దాచుకోవడం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్‌తో పరాకాష్ఠకు చేరింది. 1914లో దివాన్ పదవి వదిలాక 1949లో కన్నుమూసేదాకా ఆయన కొంటూనే ఉన్నాడు. 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో ఆ సేకరణతో ఏర్పడిన మ్యూజియాన్ని నెహ్రూ ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డు భవనానికి తరలించారు. సెలడాన్, నీలితెలుపు పాత్రలు అక్కడ తీరిగ్గా చూడొచ్చు.

అయితే నా మనసు ముక్కల మీదికే పోతుంది. బీరువాలోని నిండు గిన్నె అందంగా ఉంటుంది, కానీ ఏ ఊళ్లో ఏ కాలంలో అందులో తిన్నారో చెప్పదు. మోటుపల్లి మట్టిలోనూ, నెల్లూరు తీరాన కొత్తపట్నంలోనూ దొరికిన చీనా పెంకుముక్కలు ఆ సంగతి చెబుతాయి: ఈ రేవు, ఈ పొర, ఈ కాలం. జపాన్ చరిత్రకారుడు నొబొరు కరషిమా బృందం దక్షిణ భారత తీరంలో, శ్రీలంకలో ఇలాంటి ముక్కల కోసమే వెతికి 2004లో ఒక పుస్తకం వెలువరించింది. సంత బేరానికి పనికిరాని పెంకులు చరిత్రకు ఎంత పనికొచ్చాయో అందులో తెలుస్తుంది.

అందుకే పాత పింగాణీ మీద మనసుపడే మన వరంగల్ కుర్రాళ్లకు నేను మొదట పెంకును చదవడం నేర్చుకోమంటాను. విరిగిన అంచు గాజులా బిగువుగా, తెల్లగా ఉంటే పింగాణీ. బూడిద రంగు ఒంటి మీద మందపాటి పచ్చపూత, అడుగున పూత లేనిచోట ఎర్రబారిన మట్టి కనిపిస్తే లాంగ్‌చువాన్ అనుకోవడానికి వీలుంది. అలాంటిది నేలలో కనిపిస్తే కదపకుండా ఫొటో తీసి, చోటు గుర్తు రాసుకుని పురావస్తు శాఖకు చెప్పాలి. చోటు పోయిన పెంకు చెప్పగలిగేది చాలా తక్కువ.