పాత తుపాకీని ఎవరు చేశారు? గుర్తులు చదవడం నేర్చుకుందాం



1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు పట్టుకెళ్లింది. ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాసి మరీ వెళ్లింది. ఈ పాఠం చెప్పినప్పుడల్లా హాస్టల్ పిల్లలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడం, అలాంటి పాత తుపాకుల్ని ఎవరు చేశారు?"

జవాబు తుపాకీ మీదే ఉంటుంది. కానీ ఒక్కచోట ఉండదు. బ్రిటిష్ వారి స్నైడర్ తుపాకీనే తీసుకుందాం. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకీలో మన నాటు తుపాకీలాగే మందు, గుండు గొట్టం మూతి నుంచి దట్టించాలి. 1866 నుంచి ఆ తుపాకుల గొట్టాన్ని వెనకవైపు రెండున్నర అంగుళాల మేర కోసి, పక్కకు తెరుచుకునే ఇనుప దిమ్మ బిగించారు. దాంతో తూటాను వెనక నుంచే పెట్టే వీలు కలిగింది. ఈ పద్ధతి కనిపెట్టినవాడు జేకబ్ స్నైడర్ అనే అమెరికన్. ఇదే ఏర్పాటుతో పొట్టి తుపాకులు, అంటే కార్బైన్లు కూడా వచ్చాయి.

ఇప్పుడు గుర్తులు చూద్దాం. ట్రిగ్గర్ పైన పక్కగా ఉండే పలక మీద కిరీటం, 1861 అనే సంవత్సరం ఉన్నాయనుకోండి. వెనక భాగం స్నైడర్‌ది అయితే, అది తర్వాత మార్చిన తుపాకీ అని తేలిపోతుంది. పలక మీద 'టవర్' అని ఉంటే అది మనిషి పేరు కాదు, లండన్ టవర్ ఆయుధాగారం ముద్ర. గొట్టం మీది పరీక్ష ముద్ర గొట్టం పేలుడుకు తట్టుకుందని చెబుతుందే గాని, చేసినవారెవరో చెప్పదు. బాణం గుర్తు ఉంటే ప్రభుత్వ ఆస్తి. బర్మింగ్‌హామ్‌లో గొట్టం ఒకరు, చెక్క ఒకరు, పలక ఒకరు చేసేవారు. అందుకే ఒకే తుపాకీలో చాలామంది చేతిపని ఉంటుంది.

నకలును పట్టుకోవడానికీ ఈ చదువు పనికొస్తుంది. విక్టోరియా రాణి 1901లో చనిపోయింది. ఆమె ముద్ర పక్కనే 1910 అని ఉంటే అనుమానించాలి. కైబర్ కనుమ ప్రాంతపు పనివాళ్లు ఇంగ్లీషు అక్షరాలు తిరగేసి కొట్టిన ముద్రలు పేరుపొందినవే.

ఎవరింట్లోనైనా పాత తుపాకీ ఉంటే తుప్పు వదిలించాలని గీకకండి, ముద్రలు పోతాయి. లోపల మందు దట్టించి ఉండవచ్చు కాబట్టి మీరు ముట్టుకోవద్దు. చట్టప్రకారం ఏం చేయాలో పెద్దలతో అధికారులను అడిగించండి.

ఒక్క మాట. తుపాకీ మీద కార్ఖానా పేరు ఉంటుంది గాని, దాన్ని భుజాన మోసినవారి పేరు ఉండదు. గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి. వారి వెంట నడిచినవారిలో చాలామంది పేర్లు మన ముసలివాళ్ల నోట మాత్రమే ఉన్నాయి. ఈ సెలవుల్లో మీ తాతనో అవ్వనో అడిగి పేరు, ఊరు, చెప్పినవారెవరు, ఏ తేదీన చెప్పారు అన్నీ నోటుపుస్తకంలో రాసి తీసుకురండి. మేము హాస్టల్లో వాటిని ఒకచోట చేర్చి భద్రపరుస్తాం.